జీఎస్‌ఎం-ఆర్ రైలు రేడియో: పాతికేళ్ల సేవకు ఒక సమీక్ష

2000 జనవరి 4 మధ్యాహ్నం నార్వేలోని రోరోస్ మార్గంలో, ఓస్తా స్టేషన్ సమీపాన, ఒకే లైనులో ఎదురెదురుగా వస్తున్న రెండు రైళ్లు ఢీకొని 19 మంది చనిపోయారు. హామార్‌లోని ట్రాఫిక్ కంట్రోల్ కేంద్రంలో కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాల హెచ్చరిక కనిపించింది కానీ దానికి శబ్దం లేదు. కంట్రోలర్ దాన్ని గమనించేసరికి డ్రైవర్లను ఆపడానికి మిగిలిన దారి వాళ్ల మొబైల్ ఫోన్లే, ఆ నంబర్లేమో వెంటనే చేతికందే చోట లేవు. రైళ్ల కోసం తయారైన ఏ రేడియో వ్యవస్థను పరిశీలించినా నేను మొదట ఈ ప్రమాదాన్నే కొలబద్దగా పెట్టుకుంటాను. ఆపద తెలిసిన మనిషి గొంతు, ఆ ఆపదలోకి బండి నడుపుతున్న మనిషికి, నంబరు వెతుక్కునే పని లేకుండా, ఎన్ని సెకన్లలో వినిపిస్తుందన్నది నా మొదటి ప్రశ్న. జీఎస్‌ఎం-ఆర్ అనే యూరప్ ప్రమాణాన్ని ఆ ప్రశ్నతోనే ఇక్కడ పరీక్షిస్తున్నాను.

1990లలో యూరప్ రైల్వేలలో ఒక్కో దేశానికి ఒక్కో అనలాగ్ రేడియో ఉండేది. సరిహద్దు దాటే ఇంజిన్‌లో రెండు మూడు సెట్లు బిగించక తప్పేది కాదు. అంతర్జాతీయ రైల్వే సంఘమైన యూఐసీ ఈ గొడవను తీర్చడానికి కొత్త రేడియోను మొదటినుంచి కనిపెట్టకుండా, అప్పుడే జనంలోకి వస్తున్న జీఎస్‌ఎం మొబైల్ ఫోన్ సాంకేతికతను తీసుకుని, దానికి రైల్వే అవసరాలను చేర్చింది. 1997లో 32 రైల్వే సంస్థలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్ లింక్‌కు (రైలు నుంచి టవర్‌కు) 876 నుంచి 880, డౌన్ లింక్‌కు (టవర్ నుంచి రైలుకు) 921 నుంచి 925 మెగాహెర్ట్జ్ వరకు యూరప్ అంతటా రైల్వేలకే కేటాయించారు. బజారులో దొరికే చిప్పులు, టవర్ పరికరాలు, వాటిని ఎరిగిన ఇంజనీర్లు సిద్ధంగా ఉండటం వల్ల ఈ ఎంపిక ఆనాటికి తెలివైనదే. అయితే ఆ తెలివిలోనే తర్వాత వచ్చిన చిక్కు కూడా ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది, దాన్ని తయారుచేసినవాళ్లు నంబరు గురించి ఆలోచించిన తీరు. మామూలు ఫోన్‌లో నంబరు మనిషికో, సిమ్ కార్డుకో చెందుతుంది. ఇక్కడ నంబరు పనికి చెందుతుంది. డ్యూటీ ఎక్కిన డ్రైవర్ క్యాబ్‌లోని సెట్‌లో ఆ రోజు రైలు నంబరు నమోదు చేసుకుంటాడు, అప్పటినుంచి కంట్రోలర్ ఆ రైలు నంబరుతోనే పిలుస్తాడు. ఇంజిన్ మారినా, డ్రైవర్ మారినా, పిలుపు ఆ రైలు నడుపుతున్న వ్యక్తి దగ్గరికే వెళ్తుంది. అటువైపు డ్రైవర్ ఒక చిన్న కోడ్ నొక్కితే, రైలు ఆ క్షణాన ఏ టవర్ పరిధిలో ఉందో చూసుకుని, ఆ మార్గానికి బాధ్యుడైన కంట్రోలర్‌కే నెట్‌వర్క్ కలుపుతుంది. ఓస్తాలో కంట్రోలర్ వెతుక్కున్న నంబరు ఈ వ్యవస్థలో వెతకాల్సిన వస్తువే కాదు.

అత్యవసర పిలుపు ఇంకొక మెట్టు పైది. సెట్ మీది ఎర్ర బటన్ నొక్కితే 299 అనే గ్రూప్ కాల్ మొదలవుతుంది. ఆ ప్రాంతంలోని రైళ్లన్నిటి క్యాబ్‌లలో, కంట్రోలర్ బల్ల మీద, ఎవరూ ఫోన్ ఎత్తకుండానే స్పీకర్లు తెరుచుకుంటాయి. లైనులో వేరే సంభాషణలు నడుస్తుంటే, ప్రాధాన్య క్రమంలో అన్నిటికన్నా పైనున్న ఈ పిలుపు వాటిని తెంపి దారి చేసుకుంటుంది. పెట్టెలను విడదీసి, కలిపే షంటింగ్ యార్డుల వాళ్లకు 599 పేరుతో వేరే అత్యవసర గ్రూపు ఉంది, దానివల్ల యార్డులో పుట్టిన కంగారు మెయిన్ లైన్ మీది రైళ్లను అనవసరంగా ఆపదు. ఈ చిన్న విభజన చేసినవాళ్లు యార్డు పని తెలిసినవాళ్లని నాకు అనిపిస్తుంది. ఓస్తా తర్వాత నార్వే తన మార్గాల్లో జీఎస్‌ఎం-ఆర్ నిర్మాణాన్ని 2007 నాటికి పూర్తి చేసింది.

మాట విషయంలో ఇంత మంచి మార్కులు పడిన ఈ ప్రమాణం డేటా విషయంలో అంత నిలబడలేదు. యూరప్ ఉమ్మడి రైలు నియంత్రణ వ్యవస్థ ఈటీసీఎస్‌లోని లెవెల్ 2 సిగ్నలింగ్‌లో రైలు ఎంత దూరం వెళ్లవచ్చో తెలిపే అనుమతి రేడియో మీదుగానే క్యాబ్‌లోకి వస్తుంది. మొదట్లో దానికి వాడింది సెకనుకు 9.6 కిలోబిట్ల సర్క్యూట్ కాల్. వేగం తక్కువన్నది ఇక్కడ అసలు లోపం కాదు, ఆ సందేశాలు చిన్నవే. పంపడానికి ఏమీ లేని సమయంలో కూడా ప్రతి రైలు ఒక ఫోన్ లైనును పట్టుకుని కూర్చోవడమే లోపం. 200 కిలోహెర్ట్జ్ క్యారియర్ (రేడియో మార్గం) ఒక్కొక్కదానికి ఎనిమిది టైమ్ స్లాట్లు, అంటే వంతులవారీగా పంచుకునే ఎనిమిది లైన్లు, రైల్వేలకు దక్కిన నాలుగు మెగాహెర్ట్జ్‌లో క్యారియర్లు 19, అవి కూడా పక్క పక్క టవర్లు పంచుకోవాల్సినవి. ఊళ్ల మధ్య మార్గంలో ఇది సరిపోతుంది, పదుల రైళ్లు నిలిచే పెద్ద జంక్షన్‌లో సరిపోదు. సందేశం ఉన్నప్పుడే లైను వాడుకునే, తర్వాత వచ్చిన ప్యాకెట్ డేటా పద్ధతి ఈ బిగింపును సడలించింది కానీ, అప్పటికే బిగించిన పరికరాలను మార్చుకోవడానికి ఏళ్లు పట్టింది.

పొరుగు ఫ్రీక్వెన్సీలలోని ప్రజా మొబైల్ నెట్‌వర్కులు బలపడిన కొద్దీ రైలు సెట్లలో జోక్యం పెరిగి, మెరుగైన ఫిల్టర్లున్న సెట్లు కొనాల్సి రావడం మరో ఖర్చు. వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది 2022 అక్టోబర్ 8న జర్మనీలో జరిగిన సంఘటన. బెర్లిన్ దగ్గర ఒకచోట, హెర్నేలో మరొకచోట ఎవరో కేబుళ్లు కోశారు. ఒకటి తెగితే రెండోది ఆదుకోవాల్సిన ఆ రెండు దారులూ పోవడంతో రైలు రేడియో మూగబోయి, ఉత్తర జర్మనీలో దాదాపు మూడు గంటలు రైళ్లు ఆగిపోయాయి. రేడియో లేనిదే రైలు నడపకూడదన్న నియమం భద్రత దృష్టితో సరైనదే. ఆ నియమం పెట్టుకున్నవాళ్లు కేబుళ్ల కాపలాకూ అంత శ్రద్ధ చూపాలి.

అలాగని పాత అనలాగ్‌కు తిరిగి వెళ్లడం మేలనుకుంటే పొరపాటు. పోలండ్‌లో రైళ్లను ఆపడానికి 150 మెగాహెర్ట్జ్ అనలాగ్ రేడియోలో మూడు స్వరాల వరుస ఒకటి వాడేవారు. ఆ స్వరాలను ఎవరు పంపారో గుర్తించే ఏర్పాటు అందులో లేదు. 2023 ఆగస్టు చివర్లో ష్చెచిన్ ప్రాంతంలో బయటివాళ్లెవరో సామాన్యమైన రేడియో సెట్‌తో ఆ స్వరాలు పంపితే ఇరవైకి పైగా రైళ్లు ఆగిపోయాయి. నెట్‌వర్క్ గుర్తించిన సెట్‌కే ప్రవేశమిచ్చే జీఎస్‌ఎం-ఆర్ విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఇక తర్వాత చెబుతానన్న చిక్కు. ప్రజా ఫోన్ల సాంకేతికతను అరువు తెచ్చుకున్న రైల్వే, ఆ ప్రజా ఫోన్లు వేరే తరానికి వెళ్లిపోయినప్పుడు ఒంటరి కొనుగోలుదారుగా మిగిలింది. విడిభాగాలు, నిపుణులు తగ్గిపోతున్న కాలంలో 5జీ ఆధారంగా ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ అనే వారసుడిని యూఐసీ సిద్ధం చేస్తోంది. యూరోపియన్ కమిషన్ 2021లో పాత 900 బ్యాండ్‌తో పాటు 1900 నుంచి 1910 మెగాహెర్ట్జ్ వరకు రైల్వేలకు కేటాయించింది. ఈ కొత్త ప్రమాణంలో నాకు నచ్చిన నిర్ణయం, రైల్వే సేవలను రేడియో తరం నుంచి విడదీయడం. రేపు 6జీ వచ్చినా అత్యవసర పిలుపు, రైలు నంబరు నమోదు మారనక్కర్లేదు. దక్షిణ కొరియా మాత్రం దీనికోసం ఆగకుండా 4జీ తరానికి చెందిన ఎల్‌టీఈ-ఆర్‌ను 2017 డిసెంబర్‌లో ప్రారంభమైన గాంగ్నుంగ్ మార్గంలోనే నడిపి చూపించింది.

మన దగ్గర సంగతి ఈ వరుసలోనే చూడాలి. భారతీయ రైల్వే కొన్ని మార్గాల్లో 1.6 మెగాహెర్ట్జ్ పాటి ఇరుకైన స్పెక్ట్రమ్‌లో జీఎస్‌ఎం-ఆర్ నడిపింది కానీ, దేశంలోని చాలా రైళ్లలో లోకో పైలట్, గార్డు చేతుల్లో ఉన్నవి ఐదు వాట్ల వీహెచ్‌ఎఫ్ వాకీ-టాకీలు, స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఉన్నది ఇరవై అయిదు వాట్ల సెట్. స్టేషన్ దాటాక కొన్ని కిలోమీటర్లకే గొంతు గరగరలాడి ఆగిపోయే ఈ సెట్లతో మన సిబ్బంది ఇన్నేళ్లు రైళ్లు నడిపారన్నది వాళ్ల గొప్పతనమే. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ ఇచ్చి, ఎల్‌టీఈ నెట్‌వర్క్‌కు దారి తెరిచింది. జీఎస్‌ఎం-ఆర్‌ను దేశమంతా పరిచి, పదేళ్లకే పీకేయాల్సిన పని తప్పింది కాబట్టి ఆలస్యం ఇక్కడ మేలే చేసిందని నా అభిప్రాయం. తక్కువ ఫ్రీక్వెన్సీ కావడంతో టవర్ల మధ్య దూరం ఎక్కువ పెట్టుకోవచ్చు. ఈటీసీఎస్‌ను ఎల్‌టీఈ మీద నడిపించవచ్చని ఢిల్లీ–మీరట్ మార్గంలోని నమో భారత్ రైళ్లు 2023 అక్టోబర్ నుంచి చూపిస్తూనే ఉన్నాయి.

ఈ కథలో తెలుగు నేల పాత్ర చిన్నది కాదు. సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లో ఉంది. రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే ఆపే మన దేశపు వ్యవస్థ కవచ్‌కు తొలి ప్రయోగశాల దక్షిణ మధ్య రైల్వే, ఆ పరికరాలను తొలుత తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్గిద్ద మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు ఎక్కిన ఇంజిన్, ఎదుటి ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. ఇప్పటి కవచ్ ఇంజిన్‌కూ స్టేషన్‌కూ మధ్య యూహెచ్‌ఎఫ్ రేడియోతో మాట్లాడుకుంటుంది. ఎస్‌ఓఎస్ నొక్కితే దగ్గరలోని కవచ్ రైళ్లు ఆగే ఏర్పాటు కూడా అందులో ఉంది. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి–అలమండ మధ్య రెండు ప్యాసింజర్లు ఢీకొన్నప్పుడు ఆ మార్గంలో కవచ్ లేదు.

జీఎస్‌ఎం-ఆర్‌ను మాట సేవకు ఉత్తమమనీ, డేటాకు కాలం చెల్లినదనీ నేను లెక్కగడతాను. మన ఎల్‌టీఈ నెట్‌వర్క్‌ను స్వీకరించే పరీక్షలలో డౌన్‌లోడ్ వేగం కన్నా ముందు మూడింటిని రాతపూర్వకంగా కొలవాలని కోరుతున్నాను. ఘాట్ మలుపుల్లో, సొరంగాల్లో, రెండు టవర్ల హద్దు మీద అత్యవసర గ్రూప్ కాల్ ఎన్ని సెకన్లలో కలుస్తుందో చూడాలి. ఒక కేబుల్ తెగినప్పుడు రెండో దారి నిజంగా వేరే గట్టు మీదుగా వెళ్తుందో లేదో నడిచి చూడాలి. లోకో పైలట్ చేతి తొడుగు తీయకుండా, చీకట్లో, ఆ ఎర్ర బటన్‌ను తడిమి నొక్కగలడో లేదో అతని చేతనే నొక్కించి చూడాలి. ఈ మూడూ తేలేవరకు క్యాబ్‌లోని వీహెచ్‌ఎఫ్ సెట్‌ను తీసేయకూడదు.