మిద్దెతోట సందేహాలకు ఏఐ, గూగుల్, గ్రూపులు: ఏది మేలు?

వానాకాలం తీగలు పూతకొచ్చాయంటే చాలు, "బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయండీ" అని అడగడం మొదలవుతుంది. దానికి జవాబు చెప్పగానే ఈ మధ్య ఇంకో ప్రశ్న వస్తోంది: "ఇవన్నీ చాట్‌జీపీటీని అడిగితే సరిపోదా, గూగుల్‌లో వెతకాలా, లేకపోతే ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో ఉన్న మిద్దెతోట గ్రూపులో పెట్టాలా?" విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే. ఆ జవాబు ఏ ఊరి ఎండలో, ఏ నెలలో, ఏ మొక్కను పెంచినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది అన్నది. ఎంత త్వరగా వచ్చింది, ఎంత చక్కటి తెలుగులో వచ్చింది అన్నవి ఆ తర్వాతే.

ఆ బీర సంగతే చూడండి. ఆడపువ్వు వెనకాల చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకి ఉండదు, పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపెక్కి రాలిపోతుంది, మేడ మీదికి తేనెటీగలు సరిగ్గా రాకపోతే మనమే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దాలి. ఇంతవరకూ ఏ ఏఐ అయినా బాగానే చెబుతుంది. ఎప్పుడు అద్దాలి అని అడిగితేనే చిక్కు. "పొద్దున్నే" అని జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఈ విషయం మీద ఇంగ్లీషులో రాసినవాళ్లలో ఎక్కువమంది పెంచేది గుమ్మడి, జుకినీ, కీరదోస, వాటి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం ఐదు దాటాక. సొర కూడా అంతే. కాకరకి మళ్లీ పొద్దున్నే, నేతిబీరకి తెల్లవారుజామున. బీర దగ్గరికి రోజూ ఏడింటికి వెళ్లి, ఇంకా విచ్చుకోని పువ్వుని చూసి వెనక్కి వచ్చేవాళ్లు ఎంతమందో. మన దగ్గర ఏళ్లుగా బీర పెంచుతున్న ఎవరిని అడిగినా "సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అద్దండి" అంటారు. అది వాళ్లు చదివి చెప్పింది కాదు, రోజూ మేడెక్కి చూసి చెప్పింది.

ఇదొక్కటే కాదు. పురుగులకి వేపనూనె లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు, సాయంత్రం పిచికారీ చేయండి అని అందరూ చెప్పేదే, మంచి సలహానే. కానీ బీరకి అదే పూలు విచ్చుకునే వేళ. పూల మీద పడకుండా ఆకుల అడుగున కొట్టాలి. రెండు జవాబులూ విడివిడిగా సరైనవే, రెండూ ఒకే పాదు దగ్గర కలిసినప్పుడు ఏం చేయాలో మాత్రం పెంచినవాళ్లకే తడుతుంది.

అందుకే నా మొగ్గు గ్రూపుల్లోని పాత పోస్టులకే. అయితే కొత్తగా ప్రశ్న పెట్టేకంటే పాతవి వెతకడం మేలు అంటాను. ఫేస్‌బుక్‌లో ప్రైవేటు గ్రూపుల లోపల ఏముందో గూగుల్‌కి కనబడదు, గ్రూపులోనే ఉన్న సెర్చ్ వాడాలి. వాట్సాప్‌లో అయితే మనం చేరకముందు మాట్లాడుకున్నవి సాధారణంగా మనకి రావు, కాబట్టి అక్కడ పాత సభ్యుల్ని అడగడమే దారి. వెతికేటప్పుడు మాట ఎంత కచ్చితంగా ఉంటే అంత మంచిది. "మిరప ఆకు ముడత" అని కొడితే అన్నీ కలిసి వస్తాయి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల (త్రిప్స్) పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మొక్కల రసం పీల్చే మైట్) పని. రెండింటికీ మందు ఒకటి కాదు. ముందు ఆకు తిప్పి చూసి, అప్పుడు "పై ముడత" అనో "కింది ముడత" అనో వెతకండి.

దొరికిన పోస్టుల్లో నేను ముందు చూసేది, అడిగిన మనిషి మళ్లీ వచ్చి ఏమైందో చెప్పారా లేదా అన్నది. కింద ఎన్ని సలహాలున్నా, "మీరు చెప్పినట్టు చేశాను, కొత్త చిగురు బాగా వస్తోంది" అని ఫొటోతో రాసిన ఒక్క మాటకి ఉన్న విలువ వేరు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే చిరాకు పడొద్దు, ఒకరిది పూర్తి ఎండ, ఇంకొకరిది షేడ్ నెట్ (ఎండ తగ్గించే వల) కింద అయి ఉండొచ్చు. ఆ తేడాలోనే మనకి కావలసింది ఉంటుంది.

మరి ఏఐ దేనికి? ఎందుకు అనే ప్రశ్నకి అది చాలా బాగుంటుంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు చిక్కుడు పందిరి వేస్తే వేసవంతా తీగ ఏపుగా పెరుగుతుంది గానీ పువ్వు రాదు, సెప్టెంబరులో పూత మొదలయ్యేసరికి మంచు దగ్గరపడుతుంది. మన నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుందని, అక్కడి వేసవి పగళ్లు మరీ పొడవని ఏఐ అరటిపండు వలిచినట్టు చెబుతుంది. కానీ అక్కడ త్వరగా పూసే విత్తనం ఏదో తెలియాలంటే మళ్లీ ఆ రాష్ట్రంలో పెంచుతున్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఏఐని అడిగేటప్పుడు ఊరు, నెల, కుండీ సైజు, ఎన్ని గంటల ఎండ, నీళ్లు ఎలా పోస్తున్నారు, అన్నీ చెప్పండి. "జవాబు చెప్పే ముందు నీకు తెలియాల్సినవి నన్నే అడుగు" అని రాయండి, అలా రాస్తే జవాబు చాలా మారుతుంది. కారణం ఒకటే చెప్పమనకుండా, మూడు చెప్పి వాటిని ఎలా వేరు చేయాలో చెప్పమనండి. లింకు ఇస్తే తెరిచి చూడండి, అందులో ఆ మాట నిజంగా ఉందో లేదో, రాసినవాళ్లది ఏ దేశమో తెలుస్తుంది. వంద కామెంట్లున్న పోస్టుని అతికించి, ఎవరెవరు ఏ కారణం అంటున్నారో విడదీయమనడం కూడా మంచి పనే, ఫోన్ నంబర్లు మాత్రం తీసేసి అతికించండి.

గూగుల్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అచ్చంగా అదే మాట కావాలంటే కొటేషన్లలో పెట్టండి, మొదటి ప్రయత్నం తెలుగులో చేయండి. మొదటి పేజీలో నర్సరీల అమ్మకాల పేజీలే ఎక్కువగా వస్తాయి, వాటిని దాటి వెళ్లాలి. పురుగు పేరు తెలియకపోతే ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్ పనికొస్తుంది, పేరు వరకే. యూట్యూబ్ కత్తిరింపులు, పందిరి కట్టడం లాంటి చేత్తో చేసే పనులకి బాగుంటుంది.

రసాయన మందు మోతాదు మాత్రం ఏఐ దగ్గరా తీసుకోవద్దు, గ్రూపులో ఎవరో చెప్పిందీ తీసుకోవద్దు, తినే కూరగాయలు కదా. డబ్బా మీద ఉన్నది చదవండి, అర్థం కాకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.