ఇంకు ఉండగానే ‘ఇంకు అయిపోయింది’: ఆరేళ్ళు వాడిన ఇంక్‌జెట్ గురించి

“నాన్నా, మళ్ళీ మొదలెట్టింది” అని మా అమ్మాయి పక్కగదిలోంచి కేకేస్తే, ఏం మొదలెట్టిందని నేను అడగను. ప్రింటర్ నారింజ లైటు టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. కంప్యూటర్ తెర మీద నల్ల ఇంకు బొమ్మ పక్కన ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఆ కార్ట్రిడ్జ్, అంటే ఇంకు డబ్బా, వేసి ఒక్కోసారి నెల కూడా అయి ఉండదు. ఆరేళ్ళుగా ఇదే తంతు.

నాది చిన్న ఇంక్‌జెట్. నలుపుకొకటి, మూడు రంగులకూ కలిపి ఒకటి, మొత్తం రెండే కార్ట్రిడ్జ్‌లు. ఇంకు చిమ్మే హెడ్ కార్ట్రిడ్జ్ అడుగునే ఉండే రకం. నేను ప్రూఫులు దిద్దుతాను. తెర మీద పదిసార్లు చదివినా దొరకని అచ్చుతప్పు కాగితం మీద మొదటిసారికే దొరుకుతుంది, అందుకని వారానికి ముప్ఫై నలభై పేజీలు తీస్తుంటాను. ఆ పనికి ఈ ప్రింటర్ మీద నాకు ఫిర్యాదు లేదు. అక్షరం నల్లగా, అంచు పదునుగా పడుతుంది. కాగితం ఇరుక్కోవడం అరుదు. స్కానర్ సంగతి, ఉంది, పనిచేస్తుంది. నా పేచీ అంతా అది ఇంకు గురించి చెప్పే మాటలతోనే.

మొదటి ఏడాది దాని మాట వేదవాక్కే. లైటు వెలగ్గానే కార్ట్రిడ్జ్ తీసి పారేసి కొత్తది వేసేవాణ్ణి. ఒకసారి రాత్రి పదింటికి 22 పేజీలు మిగిలి ఉండగా నలుపు అయిపోయిందంది. ఇంట్లో ఇంకొకటి లేదు. వచ్చినంతవరకు వస్తాయిలే అని ‘ఓకే’ నొక్కాను. 22కి 22 వచ్చాయి, ఒక్క గీత పోలేదు. మర్నాడు మరో 30, ఆ తర్వాతి రోజుల్లో ఇంకో 28. అప్పుడు పాలిపోయింది. అంటే ‘ఖాళీ’ కార్ట్రిడ్జ్ 80 పేజీలిచ్చింది. ఏడాది పాటు చెత్తబుట్టలో ఏం పోశానో ఆ రాత్రి అర్థమైంది.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఇలాంటి ప్రింటర్లలో చాలా వాటికి కార్ట్రిడ్జ్ లోపలికి తొంగిచూసే కన్నే లేదు. అది చేసేది లెక్క. ఎన్ని చుక్కలు చిమ్మానో రాసుకుంటూ పోతుంది, పోసిన ఇంకులోంచి తీసేస్తూ వస్తుంది, లెక్కలో అడుగంటగానే గంట కొడుతుంది. కుండలో చూడకుండా పద్దు చూసి ‘బియ్యం నిండుకున్నాయి’ అనడం లాంటిది. ఈ పద్దు మోడల్‌ని బట్టి కార్ట్రిడ్జ్ మీదున్న చిప్‌లోనో, ప్రింటర్ జ్ఞాపకంలోనో ఉంటుంది.

ఆ లెక్క తప్పకుండా ఉండటం కూడా కష్టమే. చుక్క ఒకటి 5 పైకోలీటర్లనుకుంటే (పైకోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు) ఒక్క మిల్లీలీటరుకి 20 కోట్ల చుక్కలు. గది వేడెక్కితే ఇంకు పలచబడుతుంది, చుక్క పరిమాణం కొద్దిగా మారుతుంది. ఆ ‘కొద్దిగా’ 20 కోట్లసార్లు పోగుపడుతుంది. పైగా హెడ్ క్లీనింగ్ నడిపిన ప్రతిసారీ ఇంకు బయటికి లాగి స్పాంజిలోకి వదిలేస్తుంది, అదీ ఖర్చు కిందే రాసుకుంటుంది. ప్రింటు సరిగా రావట్లేదని నేను వరసగా ఐదు క్లీనింగులు కొట్టిన రోజున, ఒక్క పేజీ కూడా ప్రింటు తీయకుండానే ఇంకు మట్టం సగానికి దిగింది. ఇక పెట్టె మీద రాసే పేజీల సంఖ్య ఉంది కదా, అది ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన పద్ధతిలో, దాదాపు ఆపకుండా ప్రింటు తీస్తూ కొలిచింది. ఇవాళ రెండు పేజీలు, మళ్ళీ నాలుగు రోజులకు మూడు పేజీలు తీసేవాళ్ళకు ఆ సంఖ్య రాదు. నిద్ర లేచిన ప్రతిసారీ ప్రింటర్ గొంతు సవరించుకోవాలి, దానికీ ఇంకే.

నమ్మకం కుదరక వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి తూచడం మొదలెట్టాను. నా నల్ల కార్ట్రిడ్జ్ కొత్తగా ఉన్నప్పుడు 38 గ్రాములు. లైటు వెలిగినప్పుడు 30. అక్షరాలు నిజంగా పాలిపోయినప్పుడు 27. ఇంకు గ్రాము అంటే సుమారు మిల్లీలీటరే కాబట్టి, వాడగలిగిన 11లో 3 మిగిలుండగానే అది చేతులెత్తేస్తోందన్నమాట. మీ కార్ట్రిడ్జ్ అంకెలు వేరేగా ఉంటాయి, కానీ ఒకసారి కొత్తదాన్నీ ఒకసారి ఖాళీదాన్నీ తూచి రాసిపెట్టుకుంటే ఇక ఏ లైటూ మిమ్మల్ని భయపెట్టదు. కార్ట్రిడ్జ్‌ని త్రాసు మీద పక్కకి పడుకోబెట్టండి, హెడ్ వైపు కింద ఆనించొద్దు.

ఇప్పుడు లైటు వెలిగితే నేను చేసే మొదటి పని నాజిల్ చెక్ పేజీ తీయడం. నాజిళ్ళంటే హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు. ఆ పేజీ మీద ప్రింటర్ మెట్లు మెట్లుగా సన్నగీతలు గీసి ఇస్తుంది. మెట్లన్నీ తెగకుండా ఉంటే ఇంకు ఉన్నట్టే, ఆ లైటు పద్దు లైటు. ఒకటి రెండు చోట్ల తెగితే నాజిల్ ఎండింది, ఇంకు సంగతి కాదు. ఒక చివరి నుంచి మెల్లగా పాలిపోతూ, పేజీ కింది భాగానికి వచ్చేసరికి మాయమైతే అది నిజంగా అడుగంటింది. తెలుగు ప్రింటులో నాజిల్ ఎండినదానికి ఇంకో గుర్తు కూడా ఉంది. నాజిల్ పోయినప్పుడు ఆ సన్నటి తెల్లగీత సరిగ్గా తలకట్ల వరస మీద పడితే ‘క’కి, ‘త’కి తలకట్టు ఎగిరిపోతుంది. ఒకసారి పేజీ మూడొంతులు దిద్దేశాక తెలిసింది, నేను కొట్టేస్తున్నవి రచయిత తప్పులు కావు, నా ప్రింటర్‌వని.

నాజిల్ చెక్ బాగుండి కూడా లైటు పోకపోతే, ముఖ్యంగా కార్ట్రిడ్జ్ కొత్తగా వేసిన వెంటనే ‘ఖాళీ’ అనో ‘గుర్తించలేను’ అనో అంటే, నూటికి తొంభైసార్లు మన వేలిముద్రే కారణం అనిపిస్తుంది నాకు. కార్ట్రిడ్జ్ వెనక రాగిరంగు చుక్కలుంటాయి, ప్రింటర్ దానితో మాట్లాడేది వాటి ద్వారానే. పట్టుకునేటప్పుడు చేతి జిడ్డు అంటితే ఆ మాట సరిగా వినపడదు. పోగులు రాలని మెత్తటి గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో కొద్దిగా తడిపి ఆ చుక్కల్ని ఒకే దిశలో తుడుస్తాను. లోపల కార్ట్రిడ్జ్ కూర్చునే చోటా అలాంటి పిన్నులే ఉంటాయి, వాటిని ప్లగ్ పీకేశాక, ఇంకా నెమ్మదిగా. ఆరేదాకా ఆగి, ‘టక్’ మనే దాకా నొక్కి పెట్టాలి. ఆ టక్ వినపడకపోతే సగం సమస్యలు అక్కడే ఉంటాయి. తుడిచేటప్పుడు అడుగునున్న నాజిల్ పలక మీదకి గుడ్డ పోనివ్వకండి. అక్కడ గీత పడితే అంతే సంగతులు.

మా అన్నయ్య ప్రింటర్ వేరే రకం. హెడ్ మెషీన్‌లోనే స్థిరంగా ఉంటుంది, రంగుకొక ట్యాంకు. దానికి నిజంగానే ఒక కన్ను ఉంది. ట్యాంకు అడుగున పారదర్శకమైన చిన్న పట్టకం, దాని మీదకి కింద నుంచి వెలుగు. ఇంకు ఉంటే వెలుగు అందులోకి పోతుంది, ఇంకు లేకపోతే పట్టకం గోడలకు తగిలి వెనక్కి తిరిగొచ్చి సెన్సర్‌ని చేరుతుంది. “నీది లెక్కలమాస్టారు రా, నాది కళ్ళున్నది” అని గొప్పలు చెప్పేవాడు. ఓ రోజు ఫోన్ చేసి, నిండు ట్యాంకు వేసినా పసుపు ఖాళీ అంటోందన్నాడు. పట్టకం బయట ఏదైనా మరక ఉందేమో చూడన్నయ్యా అన్నాను. ఉంది, పాత ట్యాంకు తీసేటప్పుడు కారిన ఇంకు ఎండి పొరలా పట్టింది, వెలుగు దానికే తగిలి వెనక్కొస్తోంది కాబోలు. తడి ఇయర్‌బడ్‌తో తుడిస్తే పోయింది. కన్నున్నంత మాత్రాన కలక రాదని ఎవరన్నారు! ఇంకోసారి అతనికే కొత్త ట్యాంకు మీది సీలు టేపు పూర్తిగా ఊడలేదు. గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి ఇంకు కిందికి దిగదు. రెండు పేజీలు బాగా వచ్చి మూడోది తెల్లబోయింది, చూస్తే ట్యాంకు నిండుగా ఉంది.

కొన్నిసార్లు తప్పు ప్రింటర్‌ది కూడా కాదు. ప్రింటర్ మీద లైట్లు శాంతంగా ఉంటాయి, కంప్యూటర్ మాత్రం పాత హెచ్చరికనే పట్టుకు వేలాడుతుంది. క్యూలో ఆగిపోయిన పనులన్నీ తీసేసి, ప్రింటర్ ప్లగ్ పీకి ఓ నిమిషం ఉంచి పెడితే చాలావరకు పోతుంది. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ కింద ‘బైడైరెక్షనల్ సపోర్ట్’ దగ్గరి టిక్ తీసేస్తే తెర మీది గోల తగ్గుతుందని చాలామంది చెప్తారు. నేనూ తీశాను, తగ్గింది. కానీ అది కంప్యూటర్ చెవులు మూయడమే. ప్రింటర్ తనంతట తాను మొరాయిస్తే దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

అబద్ధం రెండో వైపూ ఆడుతుంది, దాని సంగతి ఎవరూ చెప్పరు. మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉన్నప్పుడు ఒకటే ముందు అయిపోతుంది. మా అమ్మాయి ఆకాశాలు, సముద్రాలు ప్రింటు తీసిన నెలలో నీలం సాంతం అడుగంటింది. తెర మీద రంగుల డబ్బా మాత్రం సగం నిండుగా కనపడుతోంది. ఆకాశం గులాబీ రంగులో వచ్చింది. క్లీనింగు కొడితే లేని నీలం రాదు, ఉన్న ఎరుపు, పసుపు పోతాయి. కార్ట్రిడ్జ్ అడుగుని తడి టిష్యూ మీద రెండు సెకన్లు మెల్లగా ఆనిస్తే మూడు రంగుల చారలు పడాలి. రెండే పడ్డాయంటే జవాబు దొరికినట్టే.

రీఫిల్ చేసుకునేవాళ్ళకి ఒక మాట. సిరంజితో ఇంకు పోశాక ‘ఖాళీ’ అని చూపిస్తే అది లోపం కాదు. మీరు పోసిన సంగతి పద్దుకి తెలియదు, అంతే. విడి ట్యాంకుల రకాలకైతే చిప్‌ని వెనక్కి తిప్పే చిన్న రీసెటర్లు, తీసి పెడితే తనంతట తానే నిండుగా చూపే చిప్‌లు దొరుకుతాయి. నా మోడల్‌లో దారి వేరు. హెచ్చరిక వెలుగుతుండగా ‘స్టాప్’ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే, ఆ కార్ట్రిడ్జ్‌కి ఇంకు లెక్క చూడటం మానేస్తుంది. అక్కణ్ణుంచి మట్టం బొమ్మ బూడిదరంగులో ఉండిపోతుంది. అలా చేసినట్టు ప్రింటర్ గుర్తుపెట్టుకుంటుంది, రేపు హెడ్ పాడైతే కంపెనీ మనదే తప్పనవచ్చు. అన్ని మోడళ్ళలో ఇది ఉండదు, మాన్యువల్‌లో ఉంటేనే నొక్కండి.

ఇంతా నేర్చుకుని నేను చేసిన వెధవ పని ఒకటుంది. లైటు అబద్ధమని తేలాక దాన్ని పూర్తిగా లెక్కచేయడం మానేశాను. నాలుగో ఏట ఓసారి, అక్షరాలు పాలిపోతున్నా ‘ఇంకో పది వస్తాయిలే’ అని 15 పేజీల పని పంపి బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి చివరి ఆరు కాగితాలు తెల్లగా ఉన్నాయి. ఆ కార్ట్రిడ్జ్‌కి ఇంకు పోసినా మళ్ళీ సరిగా పనిచేయలేదు, సగం నాజిళ్ళు చచ్చాయి. ఎందుకంటే నాది వేడితో చిమ్మే రకం. 1977లో కానన్ పరిశోధకుడు ఇచిరో ఎండో దగ్గర వేడి సోల్డరింగ్ ఐరన్ ఇంకున్న సిరంజి సూదికి తగిలి, సూదిలోంచి ఇంకు చిమ్మడం చూసి ఈ ఆలోచన పుట్టిందంటారు. హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళు కూడా విడిగా ఇదే దారి పట్టి 1984లో థింక్‌జెట్ అనే ప్రింటర్ తెచ్చారు. నాజిల్ వెనకున్న చిన్న హీటర్ ఇంకుని క్షణంలో మరిగించి బుడగ లేపుతుంది, ఆ బుడగ చుక్కని తోస్తుంది. హీటర్‌ని చల్లబరిచేదీ ఆ ఇంకే. ఇంకు లేకుండా కాలిస్తే ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టినట్టే. కాబట్టి ఆ తొందరపాటు హెచ్చరికలో కొంత న్యాయం ఉంది, మూడు గ్రాములంత న్యాయం ఉందో లేదో వేరే సంగతి.

పెద్ద ట్యాంకుల్లో సీసాతో ఇంకు పోసుకునే ప్రింటర్లకి ఈ బాధ తక్కువ, ఎందుకంటే పక్క కిటికీలోంచి మట్టం కళ్ళకే కనపడుతుంది. కానీ వాటిలోనూ కొన్ని పద్దు రాస్తాయి. సగం సీసా పోసి, ‘నిండా పోశారా’ అన్న ప్రశ్నకి అవునంటే పద్దు తప్పుతుంది. కింది గీత దాటిపోయినా అది పలకదు, గొట్టాల్లోకి గాలి చేరుతుంది. ఆ గాలిని వదిలించడానికి మళ్ళీ బోలెడు ఇంకు.

ఈ ప్రింటర్‌నే మళ్ళీ కొంటారా అని అడిగితే, కొంటాను. హెచ్చరిక వచ్చినా ‘ఓకే’ నొక్కి ముందుకు పోనిస్తుంది, అదొక్కటి చాలు నాకు. కొన్ని మోడళ్ళు కొత్త కార్ట్రిడ్జ్ వేసేదాకా స్కాన్ కూడా చేయనివ్వవు. కొనేముందు మాన్యువల్‌లో ‘ఇంకు అయిపోతే’ అన్న పేజీ ఒక్కటి చదివితే మీది ఏ జాతిదో తెలిసిపోతుంది.

ప్రస్తుతం లోపలున్న నలుపు పన్నెండు రోజుల కిందట ‘ఖాళీ’ అయింది. మూత మీద కాగితప్పట్టీ అంటించి పేజీకో పెన్సిల్ గీత పెడుతున్నాను, నిన్నటికి 41. ఇవాళ పొద్దున తూస్తే 28 గ్రాములు. కొత్తది పెట్టెలో సిద్ధంగా ఉంది, సీలు తీయలేదు.