మెగ్‌ట్రాన్ 6 రివ్యూ: లాస్ నిజంగానే తగ్గుద్ది, కానీ గ్లాసూ కాపరూ అడక్కపోతే సగమే

సర్క్యూట్ బోర్డులకి మామూలుగా వాడే మెటీరియల్ ఎఫ్ఆర్-4 సరిపోట్లేదా, అయితే మెగ్‌ట్రాన్ 6 వేసెయ్, అని ఎవర్ని అడిగినా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పీసీఐఈ జెన్ 4 లింకులు (కంప్యూటర్లో చిప్‌ల మధ్య హైస్పీడ్ కనెక్షన్లు) ఉన్న బోర్డు ఒకటి పానాసోనిక్ వాళ్ల ఈ లామినేట్ (గ్లాసు గుడ్డ, రెసిన్, కాపర్ కలిపి నొక్కిన షీటు) మీద చేశాం, దాదాపు అదే డిజైన్ ఇంతకుముందు హై టీజీ (ఎక్కువ వేడికి తట్టుకునే రకం) ఎఫ్ఆర్-4 మీద ఉండేది, కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసే ఛాన్స్ దొరికింది. మెటీరియల్‌కి 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి ఎందుకు కట్ చేశానో కిందకెళ్తే అర్థమవుద్ది.

డీకే అంటే డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్, అది ఎక్కువైతే సిగ్నల్ నెమ్మదిగా పోద్ది, ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ట్రేస్ చూపించే అడ్డు) కూడా దాన్నిబట్టే మారుద్ది. డీఎఫ్ సంగతి వేరే, సిగ్నల్ ఎనర్జీలో ఎంత వేడిగా మారి రెసిన్‌లోనే పోతుందో చెప్పే నంబర్ అది. మామూలు ఎఫ్ఆర్-4 డీఎఫ్ 0.02 చుట్టుపక్కల ఉంటది. మెగ్‌ట్రాన్ 6ది 1 గిగాహెర్ట్జ్ దగ్గర 0.002, 12 గిగాహెర్ట్జ్‌కి వెళ్లేసరికి 0.004 దాకా పెరుగుద్ది. చాలామంది ఆ 0.002 ఒక్కటే చూసి పది రెట్లు బెటర్ అనేసుకుంటారు, మన సిగ్నల్ తిరిగే ఫ్రీక్వెన్సీలో అది ఐదు రెట్లే, అదేం తక్కువా అంటే కాదనుకోండి.

లెక్క వేసుకోవడం ఈజీనే. ఫ్రీక్వెన్సీని గిగాహెర్ట్జ్‌లో తీసుకుని 2.3తో, డీఎఫ్‌తో, డీకే వర్గమూలంతో గుణిస్తే అంగుళానికి డైఎలక్ట్రిక్ లాస్ ఎన్ని డీబీలో వచ్చేస్తది. జెన్ 4 అంటే సెకనుకి 16 గిగాట్రాన్స్‌ఫర్లు, అందులో సగం, అంటే నైక్విస్ట్ ఫ్రీక్వెన్సీ, 8 గిగాహెర్ట్జ్. ఎఫ్ఆర్-4కి అంగుళానికి సుమారు 0.74 డీబీ వస్తది, మెగ్‌ట్రాన్ 6కి 0.14. పది అంగుళాల ట్రేస్ (సిగ్నల్ పోయే కాపర్ గీత) మీద ఒకచోట 7 డీబీ దాటిపోద్ది, ఇంకోచోట ఒకటిన్నర లోపే. ఐ డయాగ్రమ్‌లో (బిట్లన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చూపే బొమ్మ) ఆ తేడా కళ్లకి కనపడుద్ది, పాడైన సిగ్నల్‌ని సరిచేసే రిసీవర్ ఈక్వలైజర్ మీద అంత భారం పడదు, రీటైమర్ (దారిలో సిగ్నల్‌ని మళ్లీ తాజాగా పంపే చిప్) పెట్టాలా వద్దా అనే గొడవ కూడా చాలాసార్లు అక్కడే తీరిపోద్ది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. అసలు విషయం ఏంటంటే డైఎలక్ట్రిక్ లాస్ అంత పడిపోయాక మిగిలేది కాపర్ లాస్, అది మాత్రం మీరు ఏ రెసిన్ కొన్నా తగ్గదు. 5 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెడల్పు, 50 ఓమ్ ట్రేస్‌కి 8 గిగాహెర్ట్జ్ దగ్గర నున్నటి కాపర్ అనుకున్నా అంగుళానికి 0.4 డీబీ దాకా పోద్ది, అంటే మెగ్‌ట్రాన్ 6 మీద కాపరే పెద్ద దొంగ. పైగా కాపర్ నున్నగా ఉండదు, రెసిన్‌ని పట్టుకుని ఊడకుండా ఉండాలని కావాలనే గరుకుగా చేస్తారు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ (కరెంట్ కాపర్‌లోకి దిగే లోతు) 0.66 మైక్రాన్లే, కరెంటంతా ఆ పైపొరలోనే పోతుంటే కింద గరుకు చాలా మైక్రాన్ల ఎత్తున ఉంటది, ఇంక లాస్ పెరక్క ఏమవుద్ది. అందుకే ఆర్డర్‌లో మెగ్‌ట్రాన్ 6 అని రాసి ఊరుకోకూడదు, హెచ్‌వీఎల్‌పీ ఫాయిల్ (బాగా నున్నటి కాపర్ రేకు) అని కూడా రాయాలి. రాయకపోతే ఫ్యాబ్ వాళ్ల (బోర్డు తయారుచేసేవాళ్ల) దగ్గర ఏ ఫాయిల్ ఉంటే అదే వేస్తారు, వాళ్లని అని లాభం లేదు, డ్రాయింగ్‌లో లేనిది వాళ్లెందుకు వేస్తారు. ఇన్నర్ లేయర్లకి చేసే ఆక్సైడ్ ట్రీట్‌మెంట్ కూడా కాపర్‌ని మళ్లీ గరుకు చేయగలదు, అదీ అడగండి.

రెండోది గ్లాసు, అంటే రెసిన్ లోపలుండే గ్లాసు దారాల నేత. ఈ-గ్లాస్ (మామూలుగా వాడే గ్లాసు రకం) డీకే 6 పైన, రెసిన్‌ది 3 దగ్గర, డేటాషీట్‌లో ఉండేదేమో రెండూ కలిసిన సగటు. 106, 1080 లాంటి నేతల్లో దారాల మధ్య ఖాళీలు ఎక్కువ, డిఫరెన్షియల్ పెయిర్‌లో (ఒకే సిగ్నల్‌ని మోసే ట్రేసుల జంట) ఒక ట్రేస్ దారం మీద, రెండోది ఖాళీలోని రెసిన్ మీద పడితే రెండూ ఒకే స్పీడ్‌లో పోవు. రెండింటి డీకేలో తేడా 0.2 వచ్చినా అంగుళానికి నాలుగున్నర పికోసెకన్ల స్క్యూ (ఒకటి ముందు, ఒకటి వెనక చేరడం), ట్రేస్ దారం వెంబడే పది అంగుళాలు పోయిందంటే 45. జెన్ 4లో ఒక బిట్ టైమే 62.5 పికోసెకన్లు, జెన్ 5లో అయితే 31.25, ఇంక చూసుకోండి. దీనికి డీఎఫ్‌తో సంబంధమే లేదు, ఎంత ఖరీదైన రెసిన్ అయినా నేత పల్చగా ఉంటే ఇదే జరుగుద్ది. 1078 లాంటి స్ప్రెడ్ గ్లాస్ (దారాలు పరిచి ఖాళీలు తగ్గించిన నేత) అడగడం, లేదా బోర్డుని ప్యానెల్ మీద 10 డిగ్రీలు తిప్పడం, ఈ రెండే దారులు అనిపించాయి, తిప్పితే మెటీరియల్ వేస్టేజ్ ఉంటది మరి.

ఇంకో చిన్న తిరకాసు, మెగ్‌ట్రాన్ 6లోనే రెండు రకాలున్నాయి. ఆర్-5775 మామూలు గ్లాస్‌తో వస్తది, డీకే 3.7 దగ్గర. దాని ఎన్ వెర్షన్ లో-డీకే గ్లాస్‌తో, 3.4 దగ్గర. పేరు ఒకటే కదా అని ఒకదానికి లెక్కేసిన ట్రేస్ వెడల్పు ఇంకోదానికి పెడితే ఇంపెడెన్స్ తేడా కొట్టుద్ది. ప్రిప్రెగ్‌లో (లేయర్లని అతికించే, పూర్తిగా గట్టిపడని రెసిన్-గ్లాసు షీటు) రెసిన్ శాతం మారినా డీకే మారుద్ది కాబట్టి స్టాకప్‌కి (లేయర్ల అమరికకి) ఫ్యాబ్ వాళ్లిచ్చే పట్టికే వాడండి, బ్రోచర్‌లో నంబర్ కాదు.

రోజర్స్ వాళ్ల లామినేట్ ఆర్ఓ4350బీ ఎందుకు వాడకూడదు అని అడుగుతారు. డీఎఫ్ 10 గిగాహెర్ట్జ్ దగ్గర 0.0037, కాగితం మీద దాదాపు ఇదే. యాంటెన్నా, ఆర్ఎఫ్ పనికి బ్రహ్మాండం, డీకే 3.48 ప్లస్ ఆర్ మైనస్ 0.05 అని గట్టిగా చెప్తారు (డిజైన్‌కి మాత్రం 3.66 వాడమంటారు, అదో తికమక). కానీ లేయర్లు ఎక్కువున్న డిజిటల్ బోర్డుకి నాకు మెగ్‌ట్రాన్ 6ఏ సుఖం, లామినేటూ ప్రిప్రెగ్గూ ఒకే కుటుంబం, ప్రెస్సింగ్ కూడా ఎఫ్ఆర్-4కి దగ్గరగా ఉంటది.

యూఎస్‌బీ 2, గిగాబిట్ ఈథర్నెట్, పొట్టి డీడీఆర్4 ట్రేసులు ఉన్నవాళ్లు దీని జోలికి రావక్కర్లేదు, మంచి ఎఫ్ఆర్-4 చాలు. జెన్ 3 కూడా ట్రేస్ పొట్టిగా ఉంటే నడిచిపోద్ది. జెన్ 4 పొడుగు ట్రేసులు, జెన్ 5, 25 గిగాబిట్ లింకులు ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి, వయా స్టబ్‌లు (లేయర్లని కలిపే రంధ్రంలో వాడకుండా మిగిలిన కాపర్ తోకలు) మాత్రం బ్యాక్ డ్రిల్ చేయించండి, అంటే డ్రిల్‌తో తీసేయించండి, స్టబ్ రెజొనెన్స్ సిగ్నల్‌లో తెచ్చే గుంట ఏ లామినేట్‌తోనూ పూడదు.