పాయింట్స్ పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాక 22 వేల కిలోమీటర్లు

పాత 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి మీద దూరాలు తిరగాలనుకునేవాళ్ళు అందరూ చేసే పనులే నేనూ చేశా, కొత్త టైర్లు, కొత్త కేబుళ్ళు, స్పోక్స్ టైటు, వీల్ బేరింగుల్లో కొత్త గ్రీజు, వాటి గురించి రాయడానికేం లేదు. రాయాల్సింది ఒక్కటే, కాంటాక్ట్ పాయింట్స్, అంటే తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్‌లో స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్, దాన్ని పీకేసి, ఆ పనే రాపిడి లేకుండా చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టడం గురించి. మూడేళ్ళయింది, 22 వేల కిలోమీటర్లు దాటింది, ఇప్పటికీ ఒక్క కిక్‌కి స్టార్టయినప్పుడల్లా ముద్దొస్తుంది నాకు.

పాయింట్స్‌తో తిరిగినవాళ్ళకి ఆ బాధ తెలుసు. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకుని బయల్దేరతాం, పాయింట్ మడమ, దాన్ని తెరిచే తిరుగుడు క్యామ్ మీద రాసుకుని రాసుకుని అరుగుతుంది, గ్యాప్ దగ్గరపడుతుంది, అంటే పాయింట్స్ ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనక్కి జారుతుంది. ఇదంతా ఎంత మెల్లగా జరుగుతుందంటే బండి నీరసపడిందని మనకి అర్థమయ్యేసరికే ఇంజిన్ మాడిపోతూ ఉంటుంది, సైలెన్సర్ బెండ్ పైపు నీలం తిరిగిపోతుంది. ఫీలర్ గేజ్, ఎమరీ పేపర్ ముక్క జేబులో లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళినోణ్ణి కాదు. కిట్ పెట్టిన రోజు స్ట్రోబ్ లైట్‌తో టైమింగ్ సెట్ చేశా, తర్వాత చూసిన ప్రతిసారీ గుర్తు అక్కడే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాడికీ ఇదే చెప్పా, పెట్టుకోండి, ఇక మూత తెరిచే పనే ఉండదు అని. ఆ మాట కొంచెం సర్దుకోవాలి ఇప్పుడు.

9 వేలు దాటాక ఒక లాంగ్ ట్రిప్‌లో, లగేజీ నిండుగా ఉంది, మిట్టమధ్యాహ్నం, స్పీడ్ 60 దాటగానే బండి ఠక్కున చచ్చిపోయి మళ్ళీ పుంజుకోవడం మొదలైంది. ఆపి చూస్తే ఐడ్లింగ్ బ్రహ్మాండంగా ఉంది, కిక్ కొడితే వెంటనే స్టార్ట్. సరే పెట్రోల్ అందట్లేదేమో అనుకున్నా. ట్యాంక్ మూత గాలి రంధ్రం చూశా, పెట్రోల్ ట్యాప్ విప్పా, జెట్‌లు రెండుసార్లు ఊదా, ప్లగ్ మార్చా, ఏం లాభం లేదు. అయినా నేను ధీమాగానే ఉన్నా ఎందుకంటే పాత పాయింట్స్ ప్లేటు, కండెన్సర్ టూల్ బ్యాగ్‌లో పెట్టుకునే బయల్దేరా, మరీ కుదరకపోతే పాత పద్ధతిలోకి వెళ్ళిపోదాం అని. మూత విప్పి చూశాక గుర్తొచ్చింది, కిట్ రోటర్ (అయస్కాంతాలున్న తిరిగే ముక్క) బిగించాలంటే, స్పీడ్‌ని బట్టి స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్సర్ తీసెయ్యాలి కదా, ఆ బాబ్ వెయిట్లు, స్ప్రింగులు, పాయింట్స్‌ని తెరిచే క్యామ్‌తో సహా ఇంట్లో అటక మీద డబ్బాలో ఉన్నాయి. క్యామ్ లేని పాయింట్స్ ఎందుకు, దండకి గుచ్చుకోవడానికా.

ఇంక వేరే దారి లేక ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఒక్కో వైరూ వేలితో కదుపుతూ పోయా. రోటర్ తిరగడాన్ని పసిగట్టే పికప్ ప్లేటు దగ్గర, టాంకా వేసిన చోటుకి కాస్త పక్కన, నల్ల వైరుని అలా అన్నానో లేదో ఇంజిన్ ఆగిపోయింది. పైన తొడుగు చక్కగా ఉంది, గీత కూడా లేదు, లోపల రాగి పోగులు మాత్రం వైబ్రేషన్‌కి పుటుక్కున తెగి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. స్పీడ్ పెరిగి బండి వణికితే విడిపోతున్నాయి, ఆగితే మళ్ళీ కలుస్తున్నాయి. తొడుగు గీకి పోగులు మెలేసి, టేపు చుట్టి, షూ లేసు కత్తిరించి కట్టేశా, దాంతోనే మిగతా 600 కిలోమీటర్లు వచ్చేశా.

ఇంటికొచ్చాక పికప్ ప్లేటు వైర్లు రెండూ తీసేసి మెత్తటి సిలికాన్ వైరు వేయించా, కొంచెం వదులు ఉంచి, టాంకా పక్కనే ప్లేటుకి కట్టించా. తర్వాత 13 వేలు, ఒక్క మిస్సింగ్ లేదు. ఈ పని కిట్ తయారుచేసినోళ్ళే చేసి ఇవ్వొచ్చు కదా అని ఒళ్ళు మండింది గానీ, ఇంత ఊగే సింగిల్‌లో పెట్టేటప్పుడు నేనైనా చూసుకోవాల్సింది.

ఇంకోటి, బ్యాటరీ. పాయింట్స్ ఉన్నప్పుడు బ్యాటరీ నీరసంగా ఉన్నా ఎలాగోలా లాగేది. ఇది అలా కాదు, నా బండికి 10 వోల్టుల దగ్గరికి పడితే స్పార్క్ ఇష్టమొచ్చినట్టు వస్తుంది, ఒకసారి కిక్కర్ ఎదురుతన్ని మడమ వారం రోజులు నొప్పెట్టింది. ఛార్జింగ్ బాగోకపోతే ముందు అది చూసుకోండి, తర్వాతే కిట్.

నేను ఒక్కణ్ణే తిరుగుతా, 70 దాటను, రోజంతా నడుపుతా, అందుకే నాకు కుదిరింది. ఆదివారం ఓ 20 కిలోమీటర్లు తిప్పి షెడ్‌లో పెట్టేవాళ్ళకి పాయింట్స్ చాలేమో, బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించే మాగ్నెటో బండ్ల సంగతి నేను చెప్పలేను. ఆ అడ్వాన్సర్ యూనిట్ మాత్రం ఆయిల్ గుడ్డలో చుట్టి ఇప్పుడు నా టూల్ బ్యాగ్‌లోనే ఉంది, ఇంతవరకు అవసరం పడలేదు, తీసి మళ్ళీ అటకెక్కించాలంటే మాత్రం చెయ్యి రావట్లేదు.