అనంతపురంలో ఓ పాలిటెక్నిక్ క్యాంపస్ టూర్: వర్క్‌షాప్ భేష్, మిగతాది అంతంతమాత్రం

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసిన పిల్లలకీ తల్లిదండ్రులకీ సీనియర్లే కాలేజీ తిప్పి చూపిస్తారు. ఉచితం, గంటంబావు పడుతుంది.

వర్క్‌షాప్ దగ్గర మాత్రం వంక పెట్టలేం. లేత్ మెషీన్ చక్‌లో, అంటే పట్టుకుని తిప్పే భాగంలో, ఇనుప కడ్డీ బిగించి, తిప్పి, టూల్ ఆనించి చూపించారు. చుట్టలు చుట్టుకుంటూ రాలే ఇనుప తునకలు చూశాక మెకానికల్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. చక్‌ని బిగించే చక్ కీ తీయకుండా స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి తగులుతుందనీ హెచ్చరించారు.

ఇబ్బందల్లా గుంపుతోనే. ఒక్క గైడుకి 30 మంది! నడుస్తూ చెబితే వెనకవాళ్లకి వీపు తప్ప ఏం కనబడదు, ఏం వినబడదు. 10, 12 మందిని మించనివ్వకూడదు. మెషీన్ మోతలోకి వెళ్లకముందే గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చెప్పాల్సింది చెప్పేయాలి. పైగా మే నెల ఎండలో 11 గంటలకు మొదలుపెట్టడమేంటో! అదీ అనంతపురంలో. 7:30కే కానిచ్చేస్తే సరిపోయేది.

హాస్టల్‌ని బయటినుంచే చూపిస్తారు. పట్టుబట్టి లోపలికెళ్లి బాత్రూమ్ కుళాయి తిప్పి చూడండి. ల్యాబ్‌లో ఎన్ని మెషీన్లు ఉన్నాయని కాదు, ఎన్ని నడుస్తున్నాయని అడగండి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చన్న ముక్క గైడు నోటివెంట రాలేదు. సగంమంది తల్లిదండ్రులు వచ్చేదే ఆ సంగతి కనుక్కోడానికి.