ప్రాట్: మాటను కళ్లకు చూపే సాఫ్ట్‌వేర్

'వచ్చాడు'లో ఉన్నదీ 'పాడు'లో ఉన్నదీ ఒకే 'ఆ' అచ్చా? 'కళ'ను 'కల' అనేస్తున్నామా? భాష మీద మక్కువ ఉన్నవాళ్ల మధ్య ఇలాంటి వాదన మొదలైతే చెవి ఒక్కటే సాక్ష్యం, ఎవరి చెవి వాళ్లది. ప్రాట్ ఉంటే రికార్డు చేసి చూసుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పౌల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. డచ్ భాషలో ప్రాట్ అంటే 'మాట్లాడు'. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

తెరవగానే రెండు విండోలు వస్తాయి. బొమ్మలు గీసే 'పిక్చర్' విండో మొదట్లో అక్కర్లేదు, మూసేయండి. రెండోదాంట్లో 'న్యూ' మెనూలో 'రికార్డ్ మోనో సౌండ్' నొక్కి, 44100 హెర్ట్జ్ (సెకనుకి అన్ని నమూనాలు) దగ్గర రికార్డు చేసి, 'సేవ్ టు లిస్ట్', ఆపైన 'వ్యూ అండ్ ఎడిట్' నొక్కాలి. పైన తరంగం, కింద స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే బొమ్మ) కనిపిస్తాయి. మాటను విడిగా పలకొద్దు, చివరి అచ్చు సాగిపోతుంది. 'ఇప్పుడు ___ అను' లాంటి ఒకే వాక్యంలో పెట్టి అయిదుసార్లు చెప్పించండి.

అసలు ఆనందం అచ్చుల్లో ఉంది. ఫార్మంట్లు, అంటే నోటి ఆకృతిని బట్టి బలంగా మోగే పౌనఃపున్యాలు, ఆన్ చేస్తే ఎర్ర చుక్కల వరసలు వస్తాయి. నోరు ఎంత తెరిస్తే మొదటి ఫార్మంట్ అంత పైకి పోతుంది, నాలుక ఎంత ముందుకొస్తే రెండోది అంత పైకి పోతుంది. మగ గొంతులో 'ఈ'కి ఇవి సుమారు 300, 2200 హెర్ట్జ్. 'ఆ'కి 700, 1200 ప్రాంతంలో ఉంటాయి. ఇప్పుడు 'పాడు', 'వచ్చాడు' పక్కపక్కన కొలవండి. చాలామంది నోట 'వచ్చాడు'లోని అచ్చుకి రెండో ఫార్మంట్ స్పష్టంగా పైన ఉంటుంది. అక్షరమాలలో చోటు దొరకని అచ్చు అది! తేడా లేకపోతే ఆ మనిషి మాండలికంలో అది మామూలు 'ఆ' అచ్చేనన్నమాట, అదీ తెలుసుకోదగ్గదే.

అయితే సెట్టింగులు చూడకుండా అంకెల్ని నమ్మకూడదు. ఫార్మంట్లను ఎంత ఎత్తు వరకు వెతకాలో చెప్పే 'ఫార్మంట్ సీలింగ్' మొదట 5500 హెర్ట్జ్ ఉంటుంది, అది ఆడగొంతుకి సరిపోయేది. మగ గొంతుకి 5000కి తగ్గించాలి. తగ్గించకపోతే 'ఊ', 'ఓ'లలో దగ్గరదగ్గరగా ఉండే మొదటి రెండు ఫార్మంట్లను ఒకటిగా కలిపేసి, మూడోదాన్ని రెండోదిగా చూపిస్తుంది. ఎర్ర చుక్కలు స్పెక్ట్రోగ్రామ్‌లోని నల్లటి పట్టీల మీద పడ్డాయో లేదో ప్రతిసారీ కంటితో చూసుకోవాల్సిందే.

ద్విత్వం చూడటం చాలా తేలిక: 'అటు', 'అట్టు' పలికితే మధ్యలో ఖాళీగా కనిపించే జాగా రెండోదాంట్లో బాగా పొడుగు. దాన్ని మౌస్‌తో ఎంచుకుంటే ఎంతసేపో సెకన్లలో చూపిస్తుంది. నాలుక కొనను వెనక్కి మడిచి పలికే 'ట', 'ళ' లాంటి మూర్ధన్యాలకి మాత్రం ముందున్న అచ్చు చివర చూడాలి. అక్కడ మూడో ఫార్మంట్ కిందికి వంగుతుంది. తర్వాతి అచ్చులో వెతికితే ఆ జాడ అంతగా దొరకదు.

గొంతు హెచ్చుతగ్గులను చూపే స్వరస్థాయి గీత దగ్గర ప్రాట్ తరచూ తడబడుతుంది. వాక్యం చివర గొంతు బొంగురుపోతే ఉన్నట్టుండి సగానికి పడిపోయినట్టు చూపిస్తుంది. మగవాళ్లకి 75 నుంచి 300, ఆడవాళ్లకి 100 నుంచి 500 హెర్ట్జ్ పరిధి పెడితే ఈ తప్పులు చాలావరకు తగ్గుతాయి. ఫోన్లో నాయిస్ తగ్గించే సదుపాయం వాడిన రికార్డింగులు 'స', 'ష' తేడా చూడటానికి పనికిరావు, పై పౌనఃపున్యాలు అందులో పోయి ఉంటాయి. వేవ్ (.wav) ఫైలే వాడండి.

మెనూలు పాతకాలపువి, అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. తనంతట తాను ఏదీ భద్రపరచదు. ధ్వనిని వేవ్‌గా, ఏ ధ్వని ఎక్కడుందో గుర్తులు పెట్టుకున్న 'టెక్స్ట్‌గ్రిడ్'ని వేరే ఫైలుగా, రెండింటికీ ఒకే పేరుతో సేవ్ చేసుకుని మూసేయండి.