పదహారు వేల గంటల పొక్లెయిన్, బొటనవేలంత స్పీడ్ సెన్సార్: ఆరేళ్ల వాడకం తర్వాత

2018 వేసవిలో ఈ సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ కొన్నప్పుడు అవర్ మీటరు 9,400 చూపించింది. ఇరవై టన్నుల క్లాసు, మెకానికల్ డీజిల్ పంపు ఇంజిన్, యాక్సిలరేటర్‌కి మాత్రం చిన్న మోటారు. కంపెనీ పేరు రాయను. ఆకివీడు చుట్టూ చేపల చెరువులు, తర్వాత మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు తవ్వింది. ఇప్పుడు మీటరు పదహారు వేలు దాటింది. బూమ్, ఆర్మ్, ట్రాక్ చైన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిన్నులు, బుష్షులు రెండుసార్లు మార్చాను, అంతే. నా నిద్ర చెడగొట్టింది ఇంజిన్ స్పీడ్ సెన్సార్.

కొన్న మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మొదలైంది. పొద్దున ఆరు నుంచి పది దాకా బండి బ్రహ్మాండంగా తవ్వేది. పదకొండు దాటితే నిండు బకెట్ ఎత్తడానికి బూమ్ నీరసపడేది. మానిటర్ మీద ఆర్‌పీఎం 1,800 నుంచి టపీమని సున్నాకి పడి మళ్లీ లేచేది. ఇంజిన్ శబ్దంలో మాత్రం తేడా లేదు. భోజనానికి ఆపి గంటన్నర తర్వాత తీస్తే మళ్లీ మామూలే. వచ్చిన మెకానిక్ హైడ్రాలిక్ పంపు పోయిందన్నాడు, రెండు లక్షల పైమాటే. అడ్వాన్సు ఇవ్వబోతుంటే, ఊళ్లో ట్రాక్టర్ల వైరింగ్ చేసే పెద్దాయన గట్టు మీద నిలబడి ఒక్క మాట అడిగాడు: “పంపు పోతే మీటరు సున్నాకెందుకు పడుద్దండీ?”

మెకానిక్ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. తర్వాత తెలుసుకున్నది ఇది. ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్లు సెన్సార్ ముందు తిరుగుతుంటే అందులోని అయస్కాంతం, తీగచుట్ట కలిసి చిన్న ఏసీ కరెంటు పుట్టిస్తాయి. ఎన్ని పళ్లు దాటాయన్న ఆ లెక్కతో కంట్రోలర్ (బండి ఎలక్ట్రానిక్ పెట్టె) స్పీడ్ తెలుసుకుంటుంది. లోడ్ పడి ఆర్‌పీఎం తగ్గినప్పుడు హైడ్రాలిక్ పంపు భారం తగ్గించేదీ ఆ లెక్కతోనే. లెక్క అందకపోతే, ఎందుకైనా మంచిదని మా బండి కంట్రోలర్ ఆ పంపు జోరు తగ్గించేస్తుంది, బూమ్ నీరసపడేది అందుకే. డీజిల్ పంపు మెకానికల్ కాబట్టి ఇంజిన్‌కి ఈ గొడవేమీ తెలియదు, తన మానాన తను తిరుగుతుంది.

పెద్దాయన సెన్సార్ విప్పి మల్టీమీటర్ పెట్టాడు: 820 ఓమ్‌లు. “బానే ఉందిగా” అన్నాను. “చల్లారింది కదండీ” అని దాన్ని రోడ్డు మీది టీ కొట్టుకి పట్టుకెళ్లాడు. మరిగే నీళ్లు గ్లాసులో పోయించి కొస ముంచాడు. అంకె మెల్లగా 950 దాకా ఎక్కింది. రాగి తీగ వేడెక్కితే అంతమాత్రం పెరగడం మామూలే. రెండు నిమిషాలకి అంకె పోయి ‘ఓ.ఎల్.’ అని వచ్చింది. లోపల ఎక్కడో తీగ వేడికి విడిపోతోందన్నమాట. చల్లారాక మళ్లీ 820. టీ కొట్టాయన గ్లాసు డబ్బులు కూడా వసూలు చేశాడు, ఇక ఆ గ్లాసులో ఎవరికీ టీ పోయలేనని.

రెండో తప్పు నాది. ఒరిజినల్ ఏడు వేలకి దగ్గర్లో ఉందని పన్నెండు వందల డూప్లికేట్ వేయించాను. మూడు నెలలు బాగానే నడిచి, తర్వాత ఐడిల్లో మీటరు పడిపోయేది, యాక్సిలరేటర్ పెంచితే లేచేది. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.3 మాత్రమే వచ్చింది. తర్వాత వేసిన ఒరిజినల్ అదే స్టార్టర్ స్పీడులో ఒక వోల్టు దాటించింది. ఈ అంకెలు నా బండివి, మీ బండికి మాన్యువల్ చూసుకోండి. అయస్కాంతం నీరసంగా ఉన్నా, పన్నుకీ కొసకీ మధ్య గ్యాప్ ఎక్కువైనా ఇలాగే అవుతుంది.

గ్యాప్ పెట్టేటప్పుడు చేత్తో తగిలేదాకా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పి లాక్ నట్ వేస్తాం. మా సెన్సార్ మర చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు జరిగేది, అంటే అర చుట్టుకి 0.75 గ్యాప్. అయితే బిగించేముందే టార్చి వేసి రంధ్రం ఎదురుగా పన్ను ఉందా, రెండు పళ్ల సందు ఉందా చూసుకోవాలి. కొస సందులోకి దిగితే ఇంజిన్ తిరగ్గానే చితికిపోతుంది.

మూడోసారి రొయ్యల చెరువుల దగ్గర. ఈసారి వేడితో సంబంధం లేదు, ట్రాక్ గట్టెక్కి కుదిపినప్పుడల్లా మీటరు సున్నా. కొత్త సెన్సార్ కొనేముందు కీ ఆపి, కంట్రోలర్ దగ్గర ప్లగ్గు ఊడదీసి, అక్కణ్నుంచే ఓమ్‌లు చూశాను. హెల్పర్ కింద వైరు ఊపుతుంటే అంకె గంతులేసింది. సెన్సార్ ప్లగ్గు విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము. ఉప్పుగాలి పని. రెండు పిన్నులు మార్చి, గ్రీజు పెట్టి మూశాం. మూడు వందల్లో అయిపోయింది.

ఇప్పుడు వెయ్యి గంటలకోసారి సెన్సార్ విప్పి కొస తుడుస్తాను. నల్లటి పొడి కొంచెం ఉంటే పట్టించుకోను. మెరిసే రజను గుత్తిగా అంటుకుంటే స్టార్టర్ పినియన్ (దాని చిన్న పళ్ల చక్రం) రింగ్ గేర్‌ని కొరుకుతోందేమో చూడాల్సిందే.

కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్ కొట్టడం కంప్యూటర్ చూసుకునే రకం) ఉన్నవాళ్లు ఇదంతా అలాగే చేయకండి. వాటిలో క్రాంక్‌కి ఒకటి, క్యామ్‌కి ఒకటి సెన్సార్లుంటాయి. మూడు వైర్ల హాల్ రకమైతే (లోపల తీగచుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్పు ఉండేది) ఓమ్‌లు చూసి లాభం లేదు. సప్లై వోల్టేజీ, గ్రౌండ్, సిగ్నల్ చూడాలి. అక్కడ సెన్సార్ పోతే నీరసంతో ఆగదు, బండి స్టార్టే కాకపోవచ్చు. సెల్ఫ్ కొడుతుంటే మానిటర్‌లో ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉందంటే ముందు అనుమానం దీని మీదే.

పాత బండి బేరానికి వెళ్తే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి చూడమంటారు అందరూ. సరే, చూడండి. కానీ ఈ జబ్బు బయటపడేది ఎండెక్కాక. నాకు అమ్మినాయన బండిని ఏడింటికి చూపించి ఎనిమిదింటికల్లా టీ ఇప్పించి పంపేశాడు. ఇప్పుడైతే రెండు గంటలు తవ్వించి, ఆర్‌పీఎం అంకె మీదే కన్నేసి కూర్చుంటాను. సెన్సార్ వైరుకి టేపు చుట్టిన అతుకులున్నాయేమో కూడా చూస్తాను.

బండికి ఐదుకి మూడున్నర ఇస్తాను. పోయిన మార్కుల్లో అర మార్కు ఆ ప్లగ్గుని స్టార్టర్ వెనక, చెయ్యి పట్టని చోట పెట్టినవాడికి. ఒరిజినల్ సెన్సార్ ఒకటి స్పేర్‌గా సీటు వెనక ఉంది. కొని ఏడాదిన్నర అయింది, ఇంకా కవరు విప్పలేదు.